మున్సిఫ్ కోర్టు నుంచి హైకోర్టు దాకా

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, నేను జగిత్యాలలో వకీలుని. మనం కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు: "కేసు ఓడిపోయినం, ఇప్పుడెక్కడికి పోవాలె?" ఇవాళ అందరికీ కలిపి చెబుతాను.

మనం చదువుకున్న రోజుల్లో కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల కోర్టులన్నీ కరీంనగర్ జిల్లా కోర్టు కిందే ఉండేవి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినా, న్యాయ జిల్లాలు వేరుపడింది 2022 జూన్ 2న. ఇప్పుడు కోరుట్ల వాళ్లకు జిల్లా కోర్టు జగిత్యాలలో ఉంది. సిరిసిల్లకు సొంత జిల్లా కోర్టు వచ్చింది.

కింది మెట్టు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పెద్దలు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే అంటారు. దానిపైన సీనియర్ సివిల్ జడ్జి, అంటే పాత సబ్ కోర్టు. ఆపైన జిల్లా కోర్టు. దావా ఎక్కడ వేయాలనేది దాని విలువను బట్టి ఉంటుంది.

కోరుట్లలో ఒక గెట్టు పంచాయితీ అనుకుందాం. మున్సిఫ్ కోర్టులో ఓడిన రైతు 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. ఈ అప్పీలులో సాక్ష్యాన్నీ, చట్టాన్నీ రెండింటినీ మళ్లీ పరిశీలిస్తారు. అక్కడా ఓడితే హైకోర్టులో రెండో అప్పీలు, గడువు 90 రోజులు. కానీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే దాన్ని వింటారు. గెట్టు ఎక్కడుందో హైదరాబాదులో మళ్లీ కొలవరు. అందుకే పాత పహాణీలు, రిజిస్ట్రీ కాగితాలు, సాక్షులు అన్నీ మొదటి కోర్టులోనే పెట్టాలి. "పైన చూసుకుందాం" అని దాచుకున్న కాగితాన్ని పైకోర్టు తీసుకోవడం అరుదు.

ఇంకో రెండు మాటలు. అప్పీలు వేసినంత మాత్రాన కింది కోర్టు డిక్రీ ఆగదు. స్టే విడిగా అడగాలి. ఆ సంగతి తెలియక, అప్పీలు నంబరు చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్ల ఇంటికే అమీను వస్తాడు. ఇక లోక్ అదాలత్‌లో సంతకం పెట్టిన రాజీకి అప్పీలే లేదు. కాబట్టి పూర్తిగా చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

ఖర్చుకు భయపడి 30 రోజులు పోగొట్టుకోవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి. మన ఊళ్లో ఎవరికైనా ఈ అవసరం పడితే, ఈ ఒక్క మాటైనా వాళ్లకు చెప్పండి.