టీసీ తీసుకునే ముందు
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, మార్కుల గురించి ఇప్పటికే చాలామంది మాట్లాడారు. నేను పోగొట్టుకున్న ఒక సంవత్సరం గురించి చెబుతాను.

విశాఖపట్నంలో బీఎస్సీ మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి నాన్నగారికి పక్షవాతం వచ్చింది. బరంపురంలో ఇంటి దగ్గరే ఉండి చదువుదామనుకున్నాను. ఇక్కడి కాలేజీ గుమాస్తా ఒకాయన "సీటుంది, వచ్చేయ్ బాబూ" అన్నారు. ఆ నోటిమాట నమ్మి అక్కడ టీసీ తీసేసుకున్నాను. తీరా వస్తే యూనివర్సిటీ వేరు, సిలబస్ కలవలేదు, రెండో సంవత్సరంలో చేర్చుకోలేమన్నారు. వెనక్కి వెళితే పాత సీటూ లేదు. మళ్లీ మొదటి సంవత్సరంలోనే కూర్చున్నాను. రెండోసారి ఫీజుకు అమ్మ గాజులు తాకట్టులోకి వెళ్లాయి. ఆ సంగతి నాన్నగారికి చివరిదాకా చెప్పలేదు.

కాలేజీ మారదలచుకుంటే, ముందు చేరబోయే చోట రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఏ సంవత్సరంలోకి తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. ఇద్దరు ప్రిన్సిపాళ్ల నుంచీ అభ్యంతరం లేదన్న పత్రాలు చేతికొచ్చాకే టీసీ అడగండి. యూనివర్సిటీ మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టేపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. కాబట్టి తల్లిదండ్రులు వాటిని జంకకుండా అడగవచ్చు.

దరఖాస్తు రాయడం తెలియనివారు సభ అయ్యాక ఆగండి. కూర్చుని రాద్దాం.