లిల్లీ అని మనం పిలిచేవి

ఈ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఒకటి, పొద్దున కడియపులంకలో తూకానికి కొన్న లిల్లీ పూలు. రెండోది, బొకేల దుకాణంలో తెచ్చిన గులాబీరంగు లిల్లీ కాడ. మూడోది ఈ గుడ్డసంచిలో ఉంది. దాన్ని కాసేపాగి తీస్తాను.

మన పెళ్లి దండల్లో ఉండే ఈ తెల్లపువ్వు అసలు లిల్లీయే కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, చుట్టరికం కిత్తనారతో. మన పెద్దలు దీన్ని నేలసంపెంగ అనేవారు. అంత చక్కటి పేరును వాడుకలోంచి జారవిడుచుకున్నామని నాకు బాధ. ఒంటిరేకుల రకాన్ని విడిపూలుగా దండలకూ అత్తరుకూ వాడతారు, ముద్దరకం కాడలతో సహా పూలకూజాల్లోకి వెళుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన ప్రజ్వల్ రకం ఒంటిరేకులదే. దాని మొగ్గ చూడండి, కొసన లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చితే తెల్లగా అయిపోతుంది.

ఈ పువ్వు గొప్పదనం ఏమిటంటే, కోసిన తర్వాత కూడా పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. మల్లె కూడా అంతే. అందుకే వెనకటికి ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో కొవ్వు పూసిన గాజుపలకల మీద ఈ పూలు పరిచేవారు. వాసన మెల్లగా కొవ్వులోకి దిగేది. వాడిన పూలు తీసి కొత్తవి పరిచేవారు, కొవ్వు ఇక పట్టలేనంతవరకూ. పొద్దు వాలాక వాసన ఎక్కువవుతుంది, ఎందుకంటే రాత్రి తిరిగే చిమ్మటల కోసం పూసే పువ్వు ఇది.

ఇక ఈ గులాబీరంగు కాడ నిజమైన లిల్లీ, లిలియం జాతి. మన ఎండకు తాళలేదు, చల్లటి పాలీహౌసుల్లోనే పెంచుతారు. గడ్డలు ఎక్కువగా నెదర్లాండ్స్ నుంచి వస్తాయి. ఆ గడ్డకు ఉల్లిలా పైపొర ఉండదు, పొలుసులు విడివిడిగా పేర్చినట్టుంటాయి. చైనాలోని లాంజౌ ప్రాంతంలోనూ జపాన్‌లోనూ కొన్ని రకాల పొలుసుల్ని కూరల్లో వేసుకుని తింటారు. దక్షిణాదిలో సహజంగా పెరిగే లిలియం కూడా ఒకటుంది. నీలగిరి, పళని కొండల గడ్డిలో వానాకాలం చివర తెల్లటి బాకాల్లా పూస్తుంది. మణిపూర్ శిరూయ్ కొండ మీద పూసేది ఇంకొకటి, అది ఆ రాష్ట్ర పుష్పం. ఒక్క మాట: ఇంట్లో పిల్లి ఉంటే ఈ బొకే తేవద్దు. ఒంటికంటిన పుప్పొడిని నాకినా దాని మూత్రపిండాలు పాడవుతాయి.

ఇంగ్లీషువాళ్లు వాటర్ లిల్లీ అనే మన కలువ కూడా వీటికి చుట్టం కాదు. పూలమొక్కల వంశవృక్షంలో మొట్టమొదట చీలిన కొమ్మల్లో అదొకటి. తామరకూ కలువకూ తేడా ఆకులోనే తెలుస్తుంది. తామరాకు నీటికి పైకి లేస్తుంది, అంచు తెగని పళ్లెంలా ఉంటుంది. కలువాకు నీటి మీదే తేలుతుంది, కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. ఎర్రకలువ, తెల్లకలువ రాత్రి విచ్చి మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటాయి. మన కవులు వాటికి చంద్రుణ్ణి జత చేసింది ఊరికే కాదు, చెరువుగట్టున నిలబడి చూసే రాశారు. నీలికలువ మాత్రం పగటి పువ్వు.

ఇప్పుడు సంచి విప్పుతాను. ఇంగ్లీషులో దీన్నీ లిల్లీ అనే అంటారు. చేతికి తొడుగు ఎందుకు వేసుకున్నానో కాసేపట్లో తెలుస్తుంది. ఈ దుంప నాగలిలా వంగి ఉంది, చూశారా? సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే వచ్చింది. తెలుగులో అగ్నిశిఖ, అడవినాభి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు పేర్లలోనే ఉంది. అగ్నిశిఖ పువ్వు పేరు: పసుపూ ఎరుపూ కలిసిన ఆరు రేకులు అలలు అలలుగా పైకి లేచి మంటలా కనిపిస్తాయి. ఆకు కొసలు తీగచుట్టలై కంచెను పట్టుకుని పాకుతాయి. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. అడవినాభి దుంప పేరు. వసనాభి అనే విషమొక్కను తలపించే ఆ పేరే ఇది విషమని హెచ్చరిక.

ఆ విషం కోల్చిసిన్. చాలా చిన్న మోతాదులో, డాక్టరు చేతిలో, అది గౌట్ అనే కీళ్లవాపుకు మందు. తమిళనాడులో దిండిగల్, కరూర్ వైపు రైతులు పందిళ్లు వేసి ఈ తీగను పండించేది గింజల కోసమే, ఆ గింజల నుంచి కోల్చిసిన్ తీస్తారు. కోల్చిసిన్ కణవిభజనను మధ్యలో ఆపేస్తుంది. మొక్కల్లో అలా ఆపితే క్రోమోజోములు రెట్టింపవుతాయి, గింజల్లేని పుచ్చకాయ ఆ దారిలోనే వచ్చింది. మనిషి ఒంట్లో అదే పని జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. పెండలమనో చిలగడదుంపనో పొరబడి వండుకు తిన్నవాళ్లకు కొన్ని గంటల్లో గొంతు మంట, ఆగని వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. బతికి బయటపడినవాళ్లకు వారం పది రోజులకు జుట్టు ఊడిపోతుంది. దీనికి నేరుగా పనిచేసే విరుగుడు మందు అందుబాటులో లేదు. అనుమానం వచ్చిన క్షణమే, మిగిలిన దుంప ముక్కతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి.

అగ్నిశిఖ మన అడవుల్లో, పొలం కంచెల్లో వానలకు దానంతటదే మొలుస్తుంది. పెరికి పారేయమని నేను అనను, అంత అందమైన తీగ మన దగ్గర మరొకటి లేదు. దుంపను మాత్రం గుర్తుపట్టడం నేర్చుకోండి. ముందు వరసలోని అమ్మలు ఒక్కొక్కరుగా రండి, వంపు ఎలా ఉందో దగ్గరగా చూడండి. తాకాలనుకుంటే ఇంకో జత తొడుగులు ఇక్కడున్నాయి.