షుగర్‌కూ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఉన్న లంకె

వారంలో దొరికే ఒక్క శుక్రవారం నిద్ర మానుకొని వచ్చారు, అందుకే నేరుగా విషయంలోకి వెళ్తాం.

షుగర్ ముదిరితే కాళ్లకు పుండ్లు పడతాయని, కిడ్నీలు పాడవుతాయని మన క్యాంపుల్లో అందరికీ తెలుసు. పెద్దపేగు క్యాన్సర్‌కు కూడా దానితో సంబంధం ఉందని చాలామందికి తెలియదు. షుగర్ ఉన్నవాళ్లలో, పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అందరికీ వస్తుందని కాదు, భయపడకండి.

ఎందుకలా? రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. పొట్ట పెరిగి, ఒంటికి కదలిక తగ్గితే కండరాలు దాని మాట వినవు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. పరీక్షలో షుగర్ బయటపడడానికి ఏళ్ల ముందే ఇది మొదలవుతుంది. రోజంతా బండి తోలే డ్రైవర్లు, కుర్చీలో కూర్చునే వాచ్‌మన్లు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి.

ఇన్సులిన్‌కు ఇంకో పని ఉంది. కణాలను పెరగమని చెబుతుంది. దానికి తోడు ఐజీఎఫ్-1 అనే హార్మోన్. గ్రోత్ హార్మోన్ పురమాయిస్తే కాలేయం దీన్ని తయారు చేస్తుంది, పిల్లలు ఎత్తు పెరిగేది దీనివల్లే. ఇన్సులిన్ మితిమీరితే దీని జోరు కూడా పెరుగుతుంది. పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా పుడుతుంటుంది. అలాంటి చోటికి పెరగమనే కబురు ఆగకుండా వస్తుంటే, చెడిపోయిన కణం కూడా చావకుండా పెరుగుతుంది. ముందు పాలిప్ అనే చిన్న కండ లేస్తుంది. వాటిలో కొన్ని పదేళ్లు అటూఇటూగా క్యాన్సర్ అవుతాయి.

ఈక్వెడార్ దేశంలో లారాన్ సిండ్రోమ్ ఉన్న పొట్టివాళ్లు సుమారు వంద మంది ఉన్నారు. వాళ్ల ఒంట్లో గ్రోత్ హార్మోన్ పనిచేయదు. 22 ఏళ్లు వాళ్లను గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు: ఒక్కరికీ షుగర్ రాలేదు, క్యాన్సర్ ఒక్కరికే వచ్చింది. గ్రోత్ హార్మోన్ మితిమీరే అక్రోమెగాలీ జబ్బులో మాత్రం పెద్దపేగులో పాలిప్‌లు ఎక్కువ. జిమ్‌లో కండల కోసం ఎవరో ఇచ్చే ఇంజెక్షన్లు పొడిపించుకునే తమ్ముళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇది విని డాక్టర్ రాసిన ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ ఎవరూ ఆపొద్దు. అవి మేలు చేసేవే.

ఇప్పుడు అసలు సంగతి. మలంలో రక్తం పడితే మనోళ్లు "మొలలే" అనుకొని ఊరుకుంటారు. చెబితే పని పోతుందేమో, ఇంటికి పంపేస్తారేమో అని దాస్తారు. రెండేళ్లకోసారి వచ్చే సెలవు దాకా ఆగుతారు. వీసా మెడికల్‌లో ఫిట్ అని వచ్చింది కదా అంటారు. ఆ మెడికల్‌లో ముఖ్యంగా చూసేది టీబీ, హెచ్‌ఐవీ లాంటివి, పేగు లోపలికి ఎవరూ చూడరు. మొలలే కావచ్చు, కానీ ఆ మాట డాక్టర్ చూసి చెప్పాలి. రక్తం పడినా, మలం నల్లగా వచ్చినా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, ఊరికే బరువు తగ్గినా సెలవు కోసం ఆగొద్దు. పాలిప్‌గా ఉన్నప్పుడే దొరికితే కొలనోస్కోపీలోనే తీసేస్తారు, కథ అక్కడితో అయిపోతుంది. ముదిరితే ఆపరేషన్, కీమో, ఊళ్లో అప్పు.

ఏ బాధా లేనివాళ్లకు మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఉంది. చిన్న వయసులో ఈ క్యాన్సర్ పెరుగుతోందని అమెరికాలో 2021లో పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు తగ్గించారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే అడగాలి.

తిండి మాటకొస్తే, రాత్రి పదికి డ్యూటీ దిగి పళ్లెం నిండా అన్నం తిని పడుకోవడం మన అలవాటు. మెస్సులో అన్నం సగం చేసి పప్పు, కూర పెంచమని అడగండి. ఇక్కడ చవకగా దొరికే ఫూల్, శనగలు పేగుకు మంచివి. ఒక్క కూల్‌డ్రింక్ డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. 2017లో సౌదీ, యూఏఈ ప్రభుత్వాలు వాటిమీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేశాయంటే ఊరికే కాదు. కరక్ చాయ్ మానమని చెప్పం, చెప్పినా మీరు వినరు. రోజుకు ఐదు తాగేవాళ్లు రెండుకు రండి.

బయట బల్ల దగ్గర టేపు, షుగర్ మిషన్ పెట్టాం. బొడ్డు దగ్గర నడుం కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పేరు రాయించండి. క్లినిక్‌కు తోడుగా మేం వస్తాం, భాష దగ్గర ఇబ్బంది ఉండదు. మొలల సంగతి పదిమందిలో చెప్పలేనివాళ్లు పక్కకు పిలిచి చెప్పండి, పేరు బయటికి పోదు.