కల్లెడ బిడ్డ

గత వేసవిలో ఒక సాయంకాలము మేము తణుకులో ఉంటిమి. ధ్వనిముద్రణ పని ముగిసిన పిమ్మట గోస్తనీ తీరమున కొంత దూరము నడచి, ఒక పాఠశాల ఆటస్థలముకడ ఆగితిమి. పదిమంది కుఱ్ఱవాండ్రు బాస్కెట్‌బాల్ ఆడుచుండిరి. వారి నోట మాటిమాటికి వినవచ్చిన పేరు యానిస్ ఆంటెటోకూంపోది. నైజీరియానుండి గ్రీసునకు వలసవచ్చిన పేద దంపతుల కుమారుడతడు. చిన్ననాట అన్నతో కలసి ఏథెన్సు వీథులలో చేతిగడియారములు, నల్లకళ్ళద్దములు అమ్మి ఇల్లు గడపినవాడు. 2021లో మిల్వాకీ జట్టును అమెరికా విజేతగా నిలిపిన చివరి ఆటలో 50 పాయింట్లు చేసినవాడు. ఒక కుఱ్ఱవాడు ఈ చరిత్రయంతయు మాకు పాఠమువలె ఒప్పగించెను.

అచ్చట మఱియొక బాలుడు కూడ ఉండెను. వయస్సు పదునాలుగేండ్లుండవచ్చును. బంతి గీత దాటి పోయినప్పుడెల్ల పరుగెత్తి తెచ్చి ఇచ్చుట అతని పని. ఆటలోనికి అతనిని ఎవ్వరును పిలువలేదు. బంతికొఱకు మాత్రము ‘ఒరేయ్ పిచ్చోడా’ అని పిలిచిరి. ఆ పిలుపులో కసి యేమియు లేదు. అదియే అతని పేరైనట్లుండెను. అతనిని ఇంటికి తీసికొనిపోవచ్చిన మామ్మగారు, మేము రేడియోవారమని తెలిసి దగ్గరకు వచ్చి, “ఇలాంటి పిల్లలకి కూడా పోటీలుంటాయాండీ, బాబుగారూ?” అని అడిగిరి. మేము, ఉండవచ్చునండి అని నీళ్ళు నమలితిమి. ఆమెకు ఆనాడు మేము బాకీపడిన సమాధానమే ఈ ప్రసంగము.

ఆ సమాధానమునకై తణుకునుండి వరంగల్లు జిల్లాకు పోవలెను. పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామమున 2003లో ఒక వ్యవసాయ కూలి కుటుంబమున జీవంజి దీప్తి జన్మించెను. పుట్టినప్పుడే బిడ్డ తల మిక్కిలి చిన్నదిగా ఉండెను; ముక్కును పెదవులును తక్కిన బిడ్డలవలె లేవు. ఎదిగినకొలది, మాటయు గ్రహింపును నెమ్మది యని తెలిసెను. ఊరివారు, బంధువులలోనే కొందఱు, ఆమెను పిచ్చి యనిరి, కోతి యనిరి. అనాథాశ్రమమునకు పంపివేయుడని తలిదండ్రులకు సలహా చెప్పిరి. ఇట్టి సలహా చెప్పువారు తమ్ము తాము హితులనియే అనుకొందురు.

తలిదండ్రులు పంపలేదు. ఈ చిన్న వాక్యమునకు వెల యెంతయో చూడుడు. దీప్తి తాతగారు మరణించిన పిమ్మట ఇల్లు గడచుటకై ఉన్న పొలము అమ్ముకొనవలసి వచ్చెను. తండ్రికి దినమునకు నూఱో నూటయేబదియో కూలి. తల్లియు పనికి పోయెను. దీప్తికి ఒక చెల్లెలు కూడ కలదు. అందఱును ఆ కూలిడబ్బుమీదనే బ్రతుకవలెను. తోటిపిల్లలు వెక్కిరించిన దినమున దీప్తి ఏడ్చుచు ఇంటికి వచ్చెడిది. తల్లి ఊరివారితో కలహమునకు పోలేదు. తియ్యని అన్నము వండి పెట్టెను, వీలున్ననాడు కోడికూర వండెను. ఈ సంగతి ఆ తల్లియే పత్రికలవారికి చెప్పినది. దీప్తి గెలిచిన పతకములన్నిటికంటె మాకు ఈ వంటయే ఎక్కువ జ్ఞాపకమున్నది.

పరుగులో ఆ పిల్ల చుఱుకుదనమును మొదట కనిపెట్టినది బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. పిదప శిక్షకులు నాగపురి రమేష్‌గారు చూచి హైదరాబాదునకు పంపుమనిరి. బస్సు చార్జీకైనను చేతిలో డబ్బులేని స్థితి. బ్యాడ్మింటన్ గురువు పుల్లెల గోపీచంద్‌గారు ఆమెను గమనించి, సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో పరీక్ష చేయింపుడని సూచించిరి. ఆ పరీక్షతోనే ఆమెకు మేధావైకల్యముగల క్రీడాకారుల విభాగమున ప్రవేశము దొరకెను. ఊరిలో తిట్టుగా వాడిన లక్షణము వైద్యుని కాగితముమీద అర్హతగా మాఱినది.

ఆ విభాగమునకు టి-20 యని పేరు. పరీక్షలో బుద్ధిసూచిక 75కు మించరాదు. నిత్యజీవితపు పనులలోను ఆ లోపము కనబడవలెను. అది బాల్యమునుండియు ఉన్నదని ఋజువు కావలెను. ఇంత కట్టుదిట్టము ఎందుకనగా, దానికొక సిగ్గుమాలిన కథ కలదు. అది బాస్కెట్‌బాల్ కథయే. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో ఈ విభాగమున స్పెయిను జట్టు స్వర్ణము గెలిచినది. పిదప విచారింపగా ఆ పండ్రెండుగురిలో పదిమందికి ఏ లోపమును లేదని తేలెను! మోసగించినది ఆరోగ్యవంతులు, శిక్ష అనుభవించినది నిజముగా లోపమున్నవారు. 2004లోను 2008లోను వారికి పారాలింపిక్ ద్వారము మూసివేయబడెను. 2012లో లండనులో మరల తెఱచిరి. పరుగు, ఈత, టేబుల్ టెన్నిస్‌వంటి వానికి చోటు కలిగినది గాని బాస్కెట్‌బాల్‌కు కలుగలేదు. ద్వారము మూసియే ఉండినచో దీప్తి పరుగెత్తుటకు అచ్చట బాట యుండెడిది కాదు.

ఆమె పరుగు 400 మీటర్లు. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో 56.69 సెకన్లలో గమ్యము చేరి స్వర్ణము పొందెను. 2024 మే నెలలో జపానులోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినది. 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లకు కాంస్యము లభించెను. మేధావైకల్య విభాగమున మన దేశమునకు అదియే మొదటి పారాలింపిక్ పతకము. ఆమె రికార్డును అదే పారిస్‌లో ఒక టర్కీ యువతి దాటినది. ఆటలలో అది సహజము. పొలము అమ్ముకొన్న తలిదండ్రులకు మాత్రము దీప్తి తన బహుమతి డబ్బుతో మరల భూమి కొని యిచ్చినది.

పతకము వచ్చిన పిదప మెచ్చుకొనుట సులభము. ప్రతి పిల్లయు దీప్తి కాజాలదు. తణుకు మామ్మగారు అడిగినదియు పతకముగూర్చి కాదు. కావున ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పారాలింపిక్స్‌లో ఇట్టి పిల్లలకు బాస్కెట్‌బాల్ లేకున్నను, స్పెషల్ ఒలింపిక్స్ అను వేఱొక ఉద్యమమున ఉన్నది. మేధావైకల్యముగల ఒక అక్కకు చెల్లెలైన యూనిస్ కెనడీ శ్రైవర్ దానిని 1968లో షికాగోలో ఆరంభించినది. మన దేశములో స్పెషల్ ఒలింపిక్స్ భారత్ అను పేర అది పనిచేయుచున్నది. అందులో లోపమున్నవారును లేనివారును ఒకే జట్టుగా కూడి ఆడు పద్ధతియు కలదు. అనగా, బంతి తెచ్చి ఇచ్చిన బాలుడును అతనిని పిలిచిన కుఱ్ఱవాండ్రును ఒకే వైపున నిలిచి ఆడవచ్చును.

మామ్మగారి పేరు అడిగి వ్రాసికొనుట ఆనాడు మఱచితిమి. గోస్తనీ దగ్గరి ఆ ఆటస్థలము ఎఱిగిన తణుకు శ్రోతలెవరైనను ఉన్నచో, ఈ సంగతి వారికి చేరవేయ కోరుచున్నాము.