పంటి బిగువు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద పావుగంట మాట్లాడమని సంఘం వారు అడిగినప్పుడు, మేము షుగరు, బీపీ గురించి చెబుతామని అనుకొని ఉంటారు. వాటికి డాక్టర్లున్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. మా నోట్లో జరిగిన సంగతే మాకు తెలుసు, అదే చెబుతాం.

ఉర్దూలో మనిషికి కోపం వస్తే ‘దాంత్ పీస్ రహా హై’ అంటాం. గోధుమలు పిండి పట్టించడానికీ ‘పీస్నా’ అనే మాటే. తెలుగులో పళ్ళు పటపట కొరికాడన్నా కోపమే. అయితే తెలుగులో ఇంకొక మాట ఉంది, ‘పంటి బిగువున’ ఓర్చుకోవడం. మా బాధకు ఈ మాటే దగ్గర.

మూడేళ్ళపాటు మాకు పొద్దున లేవగానే కణతల దగ్గర నొప్పి. చూపు తగ్గిందేమోనని కళ్ళజోడు మార్పించాం. అమృతాంజనం సీసాలు ఎన్ని అయిపోయాయో లెక్క లేదు. చన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి, వయసని సరిపెట్టుకొన్నాం. మా ఇంటావిడ మాత్రం “ఏమండీ, రాత్రంతా తిరగలి విసురుతున్నారు, మాకు నిద్ర లేదు” అనేది. మేము నవ్వి ఊరుకొన్నాం. నిద్రలో చేసేది చేసేవాడికి తెలియదు కదా! 2022 ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దుతూ వేయించిన బఠాణీలు నములుతూ ఉంటే, కింది దవడ పన్ను ముక్క విరిగి నాలుక మీద పడింది.

మొదట వెళ్ళినచోట, పళ్ళు సరిగ్గా కూర్చోవడం లేదు, కాస్త అరగదీస్తే సరిపోతుందన్నారు. మాకెందుకో మనసొప్పక ఇంకొక డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన అద్దం చేతికిచ్చి చూపించారు. మా పళ్ళ కొనలు బల్లపరుపుగా అరిగి ఉన్నాయి, నాలుక అంచున పళ్ళ గుర్తులు, బుగ్గ లోపల తెల్లటి గీత. “బఠాణీ ఏం చేసిందండీ? ఏళ్ళ తరబడి మీరే నూరుకొన్నారు” అన్నారు. పళ్ళు ఎగుడుదిగుడుగా ఉండడం వల్లే కొరుకుతారని వెనుక అనుకొనేవారట. ఇప్పుడు అది అసలు కారణం కాదంటున్నారు. మెదడులో, నిద్రలో ఉంది మూలం. పైగా పంటి మీది ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం, కాని ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. దాన్ని ఇంకా అరగదీయించుకోవడమెందుకు?

ఇందులో రెండు రకాలున్నాయి. నిద్రలోది ఒకటి. నిద్రలో ఉన్నవాడికి కొన్ని క్షణాలు నిద్ర పలచబడుతుంది, మెలకువ మాత్రం రాదు. అప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, దవడ కండరాలు బిగుసుకొని పళ్ళు రాసుకొంటాయి. మనసులో ఆందోళన, పొగాకు, మందు, పొద్దుపోయాక తాగే చాయ్, కాఫీ దాన్ని పెంచుతాయి. దిగులుకు వాడే కొన్ని మాత్రలతోనూ రావచ్చు. అయితే ఆ మాత్రలు మీ అంతట మీరు మానకండి, రాసిన డాక్టరును అడగండి. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలు కునికిపాట్లు పడే మనిషి పళ్ళు కొరుకుతూ ఉంటే ముందు నిద్ర సంగతి చూపించుకోవాలి.

రెండవది పగటిది. దీనికి చప్పుడుండదు కనుక ఇంట్లోవాళ్ళకూ దొరకదు. మా వృత్తివాళ్ళకు ఇది ఎక్కువేమోనని మా అనుమానం. ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజు, పేపర్ల కట్ట ముందున్న రోజు, నలభైమంది పిల్లలు ఒక్కసారి గోల చేసిన రోజు మేము దవడ బిగించే ఉంటాం. ఇప్పుడు కూర్చున్నచోటే మీరు చూసుకోండి. పై పళ్ళు, కింది పళ్ళు ఆనుకొని ఉన్నాయా? ఉండకూడదు. పెదవులు కలిసినా పళ్ళ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. నమలడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పళ్ళు తగిలేది ఇరవై నిమిషాలకు అటూఇటూగానే. మిగతా పొద్దంతా వాటికి సెలవే. నాలుక కొనను పై పళ్ళ వెనుక మెల్లగా ఆనించి ‘న’ అనబోతున్నట్టు ఉంచితే దవడ తానే వదులవుతుంది. మేము హాజరుపట్టీ అట్ట మీద ఎర్ర సిరాతో ఒక చుక్క పెట్టుకొన్నాం. చుక్క కనబడినప్పుడల్లా దవడ వదలాలి. మొదటి వారం ఎన్నిసార్లు బిగించి దొరికిపోయామో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

రాత్రికి డాక్టరు గారు మా పళ్ళ అచ్చు తీయించి గట్టి ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చారు. అది కొరకడాన్ని మాన్పించదు, ఆ బలం పళ్ళ మీద పడకుండా తాను అరుగుతుంది. దుకాణంలో దొరికే మెత్తని తొడుగులు చవక, కాని కొందరు దాన్ని నిద్రలో ఇంకా ఎక్కువ నములుతారని ఆయన మాట. హైదరాబాదులోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి, ప్రైవేటు ఖర్చు మోయలేనివారు అక్కడ అడగవచ్చు. వీటితోపాటు పడుకొనేముందు దవడకు గోరువెచ్చని గుడ్డతో కాపడం, సాయంత్రం ఆరు దాటాక చాయ్ బందు. తొడుగు కన్నా చాయ్ మానడమే మాకు కష్టమైంది. కణతల నొప్పి రెండు నెలల్లో తగ్గింది. చప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు ఉందని ఇంటావిడ అంటుంది.

ఇక పిల్లల సంగతి. మన ఇళ్ళల్లో పిల్లవాడు పళ్ళు కొరికితే కడుపులో పురుగులని అంటారు. నులిపురుగుల మాత్ర మంచిదే, 2015 నుంచి ఫిబ్రవరిలో బడుల్లోనే ఆల్బెండజోల్ వేస్తున్నారు, తప్పకుండా వేయించండి. కాని పళ్ళు కొరకడం పురుగులకు రుజువు కాదు. చాలామంది పిల్లలు కొరుకుతారు, పాలపళ్ళు పోయి వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

మా అయిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. రాత్రి పళ్ళు కొరుకుతాడని వాళ్ళమ్మ బడికొచ్చి చెప్పింది. పురుగులమ్మా, మందు వేయించు అని చెప్పింది మేమే. ఆమె ఆ ఏడాదిలో మూడుసార్లు వేయించింది. వాడు నోరు తెరుచుకొనే ఊపిరి తీసేవాడు, రెండవ పీరియడ్‌కే తూగేవాడు. మేము వాణ్ణి బెంచీ ఎక్కించాం, ఒకసారి కాదు. మా పన్ను విరిగి, డాక్టరు గారు గురక గురించి అడిగిన రోజున మాకు వాడు గుర్తొచ్చాడు. మర్నాడు వాళ్ళమ్మను పిలిపించి అడిగితే, పుట్టినప్పటినుంచీ గురకేనండీ అంది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూసి, ముక్కు వెనుక కండ పెరిగి దారి మూసుకుపోయిందని చెప్పి ఆపరేషను చేయించారు. వాడు పళ్ళు కొరకడం తగ్గింది, నిద్ర కుదిరింది.

ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. వీధిలో కనబడితే సలాం చేస్తాడు. బెంచీ ఎక్కించిన సంగతి మేము ఇంతవరకు వాడితో ఎత్తలేదు.