సంఘం షాట్: మన ఫోనుతో మనం తీసిన సినిమా

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో, తాగునీటి మీద చిన్న సినిమా తీసిన సంఘం సభ్యుల ప్రసంగ పాఠం)



మేం తీసిన ఆరు నిమిషాల నీళ్ళ సినిమా ఇందాక మీరందరూ చూశారు. అది ఎట్లా తీశామో చెప్పమని అడిగారు. మేం కెమెరా అద్దెకు తేలేదు, బయటి మనిషిని పిలవలేదు. ఇంట్లో వాడుకునే ఫోనుతోనే తీశాం.

మనకంటే ముందే ఈ దారి వేసిన ఆడవాళ్ళున్నారు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. అక్కడి సంఘాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది బడి మొహం చూడనివాళ్ళే. 2002లో మన దేశంలో బీటీ పత్తి మొదటిసారి సాగుకు వచ్చినప్పుడు, వరంగల్ జిల్లా చేలల్లో పంటకాలమంతా తిరిగారు. రైతుల లాభనష్టాలు రైతుల నోటితోనే చెప్పించి 2003లో సినిమా చేశారు.

వాళ్ళు షాట్లకు సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే పటేల్ షాట్. అది దొర కూలీని చూసే చూపు. కింది నుంచి పైకి తీస్తే బానిస షాట్. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరం ఒకే చాప మీద కూర్చుంటాం కాబట్టి ఆ పేరు.

ఈ మాట మాకు బాగా పనికొచ్చింది. మార్కాపురం, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచీ కృష్ణా నీళ్ళ కోసం ఎదురుచూస్తానే ఉన్నాం. ఈలోగా పిల్లల పళ్ళు గారపడుతున్నాయి, పెద్దల నడుములు వంగిపోతున్నాయి. అట్లా నడుము వంగిన ఒక అవ్వ దగ్గరికి పోయాం. నిలబడి తీస్తే ఆమె జాలిపడాల్సిన మనిషిలా కనబడుతుంది. అందుకని ఆమె పక్కనే నేల మీద కూర్చుని తీశాం.

అవ్వ ఒక షరతు పెట్టింది. "నా చేతులు తియ్యండి, కాళ్ళు తియ్యండి. మొహం మాత్రం వద్దమ్మా. మనవరాలికి సంబంధాలు చూస్తా ఉన్నారు." మాలో కొందరు, మొహం చూపిస్తేనే అధికారులు నమ్ముతారన్నారు. సంఘంలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. మొహం తీయలేదు. ఊరి పేరు కూడా పెట్టలేదు. తీసిందంతా ముందు అవ్వకే చూపించాం. ఒక ముక్క తీసేయమంది, తీసేశాం. ఆ తర్వాతే మిగతావాళ్ళకు చూపించాం. మన కష్టం పదిమందికీ చెప్పాల్సిందే. అయితే ఎంతవరకు చెప్పాలో ఆ కష్టం పడే మనిషే తేల్చాలి.

ఒక ఇంట్లో వంట తీస్తున్నప్పుడు ఫోనులో ఒక సంగతి కనబడింది. తాగడానికి ప్లాంటు నీళ్ళ క్యాను ఉంది. పప్పు ఉడకేసింది మాత్రం బోరు నీళ్ళతో. ఆ ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది. కాచితే పోతుందిలే అని చాలామంది అనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. సినిమాలో ఆ పప్పు గిన్నె చూశాక, వంటకు కూడా ప్లాంటు నీళ్ళే పట్టుకోవాలని మా సంఘంలో అనుకున్నాం.

ఇక తీసే పద్ధతి. ఒక్కటే విషయం పెట్టుకోండి. ఏ షాటు తర్వాత ఏది రావాలో ముందే కాగితం మీద రాసుకోండి. రాయడం రానివాళ్ళు బొమ్మలు గీసుకోవచ్చు. కొంగుతో కాదు, మెత్తటి పొడిగుడ్డతో కెమెరా అద్దం తుడవండి. మధ్యలో కాల్ రాకుండా ఫ్లైట్ మోడ్ పెట్టండి. ఫోను అడ్డంగా పట్టుకోండి. ఎండ మీ వీపు మీద పడాలి, తీసే మనిషి మొహాన వెలుగుండాలి. మన ఎండల్లో మిట్టమధ్యాహ్నం వద్దు, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ తీయండి. జూమ్ చేయకుండా మీరే నాలుగడుగులు దగ్గరికి పోండి. ప్రతి షాటు కదలకుండా పది సెకన్లు పట్టుకోండి. మాట సరిగా వినబడకపోతే బొమ్మ ఎంత బాగున్నా దండగే. రెండో ఫోను మాట్లాడే మనిషి దగ్గర పెట్టి గొంతు రికార్డు చేయండి. ఫ్యాను, టీవీ ఆపించండి.

ఈ ఏడాది ప్రతి గ్రామ సమాఖ్య ఒక్క సినిమా తీయాలని మా కోరిక. పొదుపు లెక్కలు కావచ్చు, పలకల పనిలో దుమ్ము కావచ్చు, మిరప కోత కూలి కావచ్చు. గిద్దలూరు వైపు సంఘాలవాళ్ళు పిలిచినా వచ్చి ఒక పూట నేర్పిస్తాం. చార్జింగ్ పెట్టిన ఫోను, కూర్చోడానికి చాప ఉంటే చాలు.