పెళ్ళి పందిరి నుండి సమజీవనానికి



త్వరలో వివాహం చేసుకోబోతున్న ఒక జంట ఇటీవల మా ఇంటికి వచ్చింది. అబ్బాయి నా పూర్వ విద్యార్థి. వారు మూడు ప్రశ్నలు అడిగారు. "సార్, బౌద్ధ పద్ధతిలో పెళ్ళి ఎలా జరగాలి? పెళ్ళయ్యాక మొదట ఎక్కడికి వెళితే బాగుంటుంది? ఇంట్లో మేమిద్దరం ఎలా మెలగాలి?" వారి అనుమతితోనే ఆ సంభాషణను మీ ముందుంచుతున్నాను.

బుద్ధ భగవానుడు వివాహానికి ప్రత్యేకమైన తంతును నిర్దేశించలేదు. పైగా స్త్రీపురుషుల మధ్య సంబంధాలు కుదిర్చే పని భిక్షువు చేయరాదని వినయ నియమం. వివాహం గృహస్థుల ఒప్పందం. భిక్షువు పరిత్త పఠించి ఆశీర్వదించవచ్చు గాని, ఆ ఇద్దరినీ దంపతులను చేసేది వారి అంగీకారమే. త్రిశరణం, పంచశీల, పరస్పర ప్రతిజ్ఞ, పూలదండలు చాలు. మన పందిట్లో కన్యాదానం ఉండదు. మనిషి దానమిచ్చే వస్తువు కాదు గనుక.

బాబాసాహెబ్ 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలోని తన నివాసంలో డాక్టర్ శారదా కబీర్‌ను రిజిస్టరు వివాహం చేసుకున్నారు. అప్పుడాయన కేంద్ర న్యాయశాఖ మంత్రి. అయినా ఆడంబరం లేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆ దంపతులిద్దరూ కలిసి ధమ్మదీక్ష తీసుకున్నారు. మీరూ నమోదును మరువకండి. 1955 నాటి హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోదలిస్తే 30 రోజుల ముందు నోటీసు, పెళ్ళినాడు ముగ్గురు సాక్షులు అవసరం. రేపు ఏ హక్కు కోసమైనా అమ్మాయికి అక్కరకు వచ్చేది ఆల్బం కాదు, ధ్రువపత్రం.

ఇంతవరకు చెప్పి, "కట్నం సంగతేమిటి?" అని అడిగాను. అబ్బాయి తల దించుకున్నాడు. "అది పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు సార్" అన్నాడు. అమ్మాయి కిటికీ వైపు చూసింది.

ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నదే. ఎం.ఏ. చదివి, సభల్లో సమత గురించి ప్రసంగిస్తూనే, నా పెళ్ళికి మా మామగారు ఎకరం మాగాణి అమ్ముతుంటే ఊరుకున్నాను. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు. కట్న నిషేధ చట్టం 1961 నుండి ఉన్నదని తెలిసిన వాడిని. ఆ పొలం మీదుగా బస్సు వెళ్ళినప్పుడల్లా నా భార్య ఏమీ మాట్లాడదు.

సిగాలోవాద సుత్తంలో భార్యాభర్తల విధులు చెప్పినప్పుడు బుద్ధుడు ముందుగా భర్త విధులను చెప్పాడు. భార్యను గౌరవించాలి, కించపరచరాదు, ఆమె పట్ల నమ్మకంగా ఉండాలి, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించాలి, నగలు సమకూర్చాలి. గమనించండి, అక్కడ ఇచ్చేవాడు భర్త. మామగారి దగ్గర పుచ్చుకునేవాడు కాడు.

ఇక రెండవ ప్రశ్న. కొండలకో సముద్రతీరానికో వెళ్ళండి, సంతోషమే. కాని అప్పు చేసి వెళ్ళవద్దు. మన దగ్గరే అమరావతి ఉంది, నాగార్జునకొండ ఉంది. అమరావతి శాసనాలలో గృహపతులు భార్యతో, కొడుకులతో, కూతుళ్ళతో కలిసి స్తూపానికి దానమిచ్చినట్లు రాయించుకున్నారు. పడవలో జలాశయం దాటి నాగార్జునకొండ చేరితే చాంతిసిరి జ్ఞాపకం వస్తుంది. ఆమె సోదరుడు చాంతమూలుడు అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు రాజు. ఆమె మాత్రం మహాచైత్యానికి పోషకురాలైంది. అంతఃపుర స్త్రీకి తనదైన విశ్వాసం, తన పేరుతో దానం చేసే స్వేచ్ఛ మూడవ శతాబ్దంలోనే ఇక్కడ ఉన్నాయి. కొత్త దంపతులు చేయి చేయి పట్టుకుని ఆ రాళ్ళ మధ్య నడవడం కంటే మంచి ఆరంభం ఏముంటుంది?

మూడవ ప్రశ్నకు జవాబు నకులపిత, నకులమాతల జీవితంలో ఉంది. భర్తకు తీవ్రమైన జబ్బు చేసింది. తాను పోతే ఇల్లు ఏమవుతుందోనని అతడు బెంగపడుతున్నాడని ఆమె గ్రహించింది. "దిగులుతో ప్రాణం విడువకండి. నాకు నూలు వడకడం వచ్చు, పిల్లలను పోషించగలను, శీలం తప్పను" అన్న అర్థంలో ధైర్యం చెప్పింది. అతడు కోలుకున్నాడు. అటువంటి భార్య దొరకడం నీ భాగ్యమని బుద్ధుడు అతనితో అన్నాడు. ఈ దంపతులకే ఆయన సమజీవనాన్ని బోధించాడు. ఇద్దరికీ సమానమైన శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ ఉండాలన్నాడు. సమాన ఆస్తి అనలేదు, సమాన కులం అనలేదు.

లేచి వెళ్ళబోతూ అబ్బాయి నన్ను పెళ్ళికి పిలిచాడు. "మీ నాన్నగారితో మాట్లాడి, ఆ తరువాత శుభలేఖ తీసుకురా" అన్నాను. అతడు ఇంకా రాలేదు. వస్తాడనే నా నమ్మకం. ఈ సభలో పెళ్ళీడు కొడుకులున్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారి కొడుకులు మాట్లాడే వరకు ఆగకుండా, ఆ మాట వారే ముందుగా అనాలని నా విన్నపం.

భవతు సబ్బ మంగళం.